ఇస్త్రీ అక్క ఎడమచెయ్యి

మా అత్త కుడిచేతి వేళ్లు ముడుచుకునేవి కావు. బొటనవేలు ఒక్కటే ఆమె మాట వినేది. మిగతా నాలుగూ ఎండిన పుల్లల్లా చాచుకునే ఉండేవి. దవడ ఒకవైపు లోపలికి కుంగిపోయి ఉండేది కాబట్టి నవ్వితే సగం ముఖమే నవ్వేది. ఊరంతా ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. నేను ఆమె తమ్ముడి కూతుర్ని. ఆమె సంగతులు కొన్ని అప్పటికి చిన్నవాడైన మా నాన్న చెప్పాడు, కొన్ని ఆమెతో జైల్లో ఉన్న, అందరూ కత్తిపీట అని పిలిచే ఆవిడ చెప్పింది, మిగతావి ఆమె నోటే విన్నాను. చెప్పేటప్పుడు ఆమె గొంతు పెంచేది కాదు. ఎడమచేత్తో బట్ట మీద ఇస్త్రీపెట్టె జరుపుతూ, పక్కింటావిడ గొడవ చెబుతున్నంత మామూలుగా చెప్పేది.

తాతయ్యకు పోలీసు లైన్ల ఎదురుగా ఇస్త్రీ దుకాణం ఉండేది. వీధివైపు పొడుగాటి గది, అందులో కంబళ్లు పరిచిన పెద్ద బల్ల, వెనక బట్టలు నానబెట్టే తొట్టి, దాని మీదుగా దండేలు. ఇస్త్రీపెట్టెలు రెండు. చిన్నది ఇళ్ల బట్టలకి, పెద్ద ఇత్తడిది ఖాకీకి. ఆ ఇత్తడిపెట్టెలో బొగ్గులు నిండా పోస్తే మగవాడే రెండు చేతులా ఎత్తాలి. అత్త పన్నెండో ఏటి నుంచే దాన్ని ఒంటిచేత్తో తోసేది. తాతయ్య భయస్థుడు. లైన్లలోంచి ఎవరైనా దగ్గితే ఇక్కడ లేచి నిలబడేవాడు.

"ఖాకీ మన అన్నం తల్లీ, మడత చెడితే కంచం బోర్లా పడుతుంది" అనేవాడు.

మా పెదనాన్న, అంటే అత్తకు అన్నయ్య, ఇస్త్రీ బట్టలు ఇళ్లకు చేరవేసేవాడు. ఆ మూటల్లోనే స్వరాజ్యం వాళ్ల కరపత్రాలు కూడా చేరేవి. ఒకరోజు అవి అత్త కంట పడ్డాయి. తాతయ్యకు చెబుతుందేమోనని ఆయన భయపడ్డాడు. ఆమె వాటిని చక్కగా చొక్కాల మడతల్లో పెట్టి, "ఇలా పెడితే నలగవు, పిచ్చి మొద్దూ" అంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసే మీటింగులకు వెళ్లేవారు. అక్కడ ఒక ప్లీడరు అందరి చేతా ప్రమాణం చేయించేవాడు, కొట్టినా తిరిగి కొట్టబోమని, తిట్టినా తిరిగి తిట్టబోమని. మొదటిది ఫర్వాలేదు గాని రెండోది తన వల్ల కాదని అత్త అందట. ప్లీడరు పగలబడి నవ్వి, ప్రయత్నించమన్నాడట.

లైన్లలో ఒక జమేదారు ఉండేవాడు. భారీ మనిషి, బట్టల దగ్గర మహా పట్టింపు. ఎవర్నీ పంపకుండా తన యూనిఫాం తానే వచ్చి తీసుకువెళ్లేవాడు. చెడ్డవాడేమీ కాదనే అనుకునేవారు అప్పటికి. తాతయ్య దగ్గుకి ఏదో మందు కూడా తెచ్చిచ్చాడు ఒకసారి.

ఆ రోజు పొద్దున్నే వచ్చి, "ఏమ్మాయ్, చేతి మడత నిలబడాలి. ఇవాళ పైవాళ్లొస్తున్నారు" అన్నాడు.

అత్త గంజి ఒక చుక్క ఎక్కువే వేసి, మడత నిలబెట్టి ఇచ్చింది. తొడుక్కుని మోచెయ్యి ఆడించి చూసుకుని, "భేష్" అని వెళ్లాడు.

ఊరేగింపు మధ్యాహ్నానికి దుకాణం ముందున్న కూడలికి వచ్చింది. ముందు వరసలో జెండా పట్టుకుని పెదనాన్న. ఆగమన్నారు, ఆగలేదు. చెదిరిపొమ్మన్నారు, కూర్చున్నారు. అప్పుడు లాఠీలు లేచాయి.

కూర్చున్నవాళ్లను కొట్టడం బట్టలు బాదడం కన్నా సులువని అత్త అనేది. తలలు అందుబాటులో ఉంటాయి, ఎవరూ చెయ్యి అడ్డం పెట్టుకోరు. మొదట చప్పుడే వినబడింది, తడిబట్ట బండకేసి కొట్టిన చప్పుడు. తర్వాత అరుపులు. చెప్పులు, కళ్లజోళ్లు, పళ్లు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. ఒక ముసలాయన కింది దవడ పట్టుకుని దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది.

పెదనాన్న మీద మొదటి దెబ్బ చెవి పక్కన పడింది. పక్కకు ఒరిగాడు, జెండా మాత్రం వదల్లేదు. రెండో దెబ్బకి వదిలేశాడు. మూడో దెబ్బ పడే వేళకి నేల మీద ఉన్నాడు. ఆ తర్వాత ఎన్ని పడ్డాయో లెక్క లేదు. కొడుతున్న చేతికి పొద్దున తను నిలబెట్టిన మడత ఇంకా నలగలేదని అత్త చూసింది. దుకాణంలోంచి దూకబోతే తాతయ్య ఆమె జుట్టు చేతికి చుట్టుకుని లోపలికి ఈడ్చాడు.

"ఒకడు పోతే పోయాడు, నువ్వన్నా మిగులే!" అని ఏడుస్తూ తలుపుకు అడ్డం పడుకున్నాడు.

పోలీసులు వెళ్లాక పెదనాన్నను తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పడుకోబెట్టారు. కంబళ్లు తడిసి, బల్ల సందుల్లోంచి చుక్కలు పడ్డాయి. డాక్టరు వచ్చి పుర్రె తడిమి చూసి చేతులు కడుక్కున్నాడు. పెదనాన్న ఒక రాత్రీ ఒక పగలూ గురక పెడుతున్నట్టు ఊపిరి తీశాడు. ఎవరినీ గుర్తుపట్టకుండానే పోయాడు.

అతన్ని సాగనంపిన మర్నాడు, రోజూ వచ్చినట్టే లైన్లలోంచి బట్టల మూట వచ్చింది. ఆర్డర్లీ బల్ల మీద పడేసి పోయాడు. అత్త విప్పింది. పైనే జమేదారు చొక్కా. కుడిచేతి మీద, గుండెల మీద నెత్తురు ఎండి, బట్ట అట్టకట్టి ఉంది.

"ఏం చూస్తావ్? తొట్టిలో వెయ్యి" అన్నాడు తాతయ్య.

"ఇది అన్నయ్య నెత్తురు నాన్నా."

"నాకు తెలీదుటే? వెయ్యి. కళ్లు మూసుకుని వెయ్యి. మనం ఈ వీధిలోనే బతకాలి."

ఆమె చొక్కా తీసి దులిపి, హ్యాంగరుకు తగిలించి, వీధివైపు కొక్కేనికి వేలాడదీసింది. దాని పక్కన నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగారు. ఇంకొంతమంది ఆగారు. కాసేపటికి కూడలి నిండిపోయింది. ఎవరో ఆ చొక్కా ఎవరిదని అడిగారు.

"చొక్కా జమేదారు గారిది, మరక మాది" అంది అత్త.

చాలామంది తలపాగాలు తీసేశారు.

జమేదారు నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు. ఇంకో చొక్కా వేసుకున్నాడు, దానికి మడత సరిగా లేదు.

"దించు దాన్ని."

"దించను."

"అమ్మాయ్, మీ నాన్న మొహం చూసి చెబుతున్నా. దించు."

"మీరు మా అన్నయ్య మొహం చూశారా అండీ, కొట్టేటప్పుడు?"

లాఠీ దవడ మీద పడింది. రెండు పళ్లు నోట్లోనే ఊడాయి. కింద పడుతూ అత్త చొక్కా చెయ్యి పట్టుకుంది. అతను లాగాడు, ఆమె వదల్లేదు. బల్ల దాకా ఈడ్చుకు వెళ్లినా పిడికిలి విప్పలేదు. తాతయ్య ఆనాటి పని కోసం వేడిచేసి పెట్టిన ఇత్తడిపెట్టె బల్ల అంచున ఉంది. జమేదారు దాన్ని రెండు చేతులా ఎత్తి, చొక్కా పట్టుకున్న పిడికిలి మీద దించాడు. ఒకసారి కాదు. ఎముకలు విరిగిన చప్పుడు బయట నిలబడ్డవాళ్లకూ వినబడిందట. చర్మం కాలి పెట్టెకు అంటుకుపోయింది. అప్పటికి గాని పిడికిలి విడలేదు. వేళ్లు పని చెయ్యడం మానేశాయి కాబట్టి విడింది, ఆమె విప్పలేదు.

పెట్టె మూత ఊడి నిప్పులు కంబళ్ల మీద పడ్డాయి. దుకాణం అంటుకుంది. తాతయ్య ఉత్తకాళ్లతో నిప్పులు తొక్కుతూ పిచ్చివాడిలా అరిచాడు. వెనకున్న నీళ్ల తొట్టిని జమేదారు వెంట వచ్చినవాళ్లు ఈలోపే పగలగొట్టారు. కప్పు కూలే దాకా జనం దూరంగా నిలబడి చూశారు. అత్తను పోలీసు లారీలో పడేశారు.

ఆమె మీద పెట్టిన కేసేమిటో తెలుసా? చొక్కా దొంగతనం. మేజిస్ట్రేటు ముందు నోరు వాచిపోయి మాట రాక, "వాళ్లకే ఇచ్చేశానండీ" అని సైగ చేసి చూపించింది. కోర్టులో ఎవరో నవ్వారు. ఏడాదిన్నర వేశారు.

జైల్లో ఆడవాళ్ల షెడ్డు ఒకటే. అందులో దొంగలు, సారా కాచినవాళ్లు, ఒక హంతకురాలు. ఆ హంతకురాలినే కత్తిపీట అనేవారు. దానితోనే మొగుణ్ణి చంపింది మరి. అత్త చెయ్యి చీము పట్టి కంపు కొడుతుంటే కత్తిపీట ఒక్కతే దగ్గరకు వచ్చింది. అత్త గోడకు జరిగిపోయింది.

"భయపడకమ్మాయ్, నేను చంపింది ఒక్కణ్ణే. వాడు మళ్లీ దొరకడు" అంది కత్తిపీట.

ఉప్పునీళ్లు కాచి తెచ్చి, చీర చింపి, చచ్చిన చర్మం గోటితో ఒలిచింది. అత్త అరిచి స్పృహ తప్పింది. తెలివి వచ్చేసరికి కట్టు కట్టి ఉంది. ఆ చెయ్యి మణికట్టు దగ్గర తీసేయకుండా మిగిలిందంటే ఆ ఉప్పునీళ్ల చలవే.

తర్వాత కత్తిపీట తన కథ చెప్పింది. మొగుడు కడుపు మీద తన్ని మొదటి బిడ్డను చంపాడు. అమ్మ ఇంటికి పోతే అమ్మ వెనక్కి పంపింది. అన్న ఇంటికి పోతే వదిన తలుపు వేసింది. పక్కింటివాళ్లు దీపం తగ్గించారు. ఆఖరికి ఒకనాడు వాడు రెండో బిడ్డ కాళ్లు పట్టుకుని గోడవైపు ఊపాడు. ఆమె కూరలు తరుగుతోంది. బిడ్డ బతకలేదు. వాడూ బతకలేదు.

"నేను కోపిష్టిదాన్ని కాదమ్మాయ్. ఆ రోజు ఏ ఇల్లయినా తలుపు తీసుంటే, ఆ కత్తిపీట ఇప్పటికీ వంకాయలే తరిగేది."

దేశం కోసం జైలుకు వచ్చానని అత్తకు అంతవరకూ లోపల కాస్త గర్వం ఉండేది. హంతకులతో కలిపి పెట్టారని జైలరుకు ఫిర్యాదు రాయించాలనుకుంది కూడా. ఆ మాట విన్నాక రాయించలేదు.

ఒకరోజు ఖైదీలంతా నినాదాలు చేశారని మగ వార్డర్లు షెడ్లోకి జొరబడ్డారు. అత్త ప్రమాణం ప్రకారం చేతులు కట్టుకుని కూర్చుంది. కర్రలు వీపు మీద, మోకాళ్ల మీద పడుతున్నాయి. కత్తిపీట పరుగున వచ్చి ఆమె మీద బోర్లా పడుకుంది. పక్కటెముకలు రెండు విరిగినా లేవలేదు. వాళ్లు అలిసిపోయి వెళ్లాక అత్త అడిగింది.

"నువ్వు తిరగబడతావనుకున్నాను. ఎందుకు ఊరుకున్నావ్?"

"నీ జబ్బు నాకూ అంటింది" అంది కత్తిపీట, నెత్తురు ఉమ్మేస్తూ.

అత్త విడుదలై వచ్చేసరికి తాతయ్య లేడు. మళ్లీ ఉద్యమం, మళ్లీ జైలు. మధ్యలో ఒక పెళ్లిసంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తల్లి అత్త దవడ చూసి, "ఫోటోలో ఒకవైపే చూపించారు" అని లేచిపోయింది. అత్త దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ మాటను మాత్రం జీవితమంతా నవ్వుతూ చెప్పేది.

స్వాతంత్ర్యం వచ్చింది. మైదానంలో సభ పెట్టి అత్తను వేదిక మీద కూర్చోబెట్టారు. ఆమె కిందికి చూసింది. వేదికకు కాపలాగా నిలబడ్డ పోలీసుల ముందు జమేదారు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. టోపీ మీద గుర్తు మారింది, టోపీ కింద తల మారలేదు. జెండా ఎగరగానే అందరికన్నా ముందు అతనే సెల్యూట్ కొట్టాడు. అత్త లేచి మెట్లు దిగింది. ప్లీడరు వెంటపడ్డాడు.

"ఇవాళ్టికి ఊరుకో తల్లీ. శుభమా అని..."

"ఊరుకున్నాను కాబట్టే దిగుతున్నానండీ. అక్కడే ఉంటే అరుస్తాను."

"పాతవాళ్లందర్నీ తీసేస్తే పరిపాలన ఎలా నడుస్తుందమ్మా?"

"నాకు పరిపాలన తెలీదు. నాకు ఒక్క పని చేసిపెట్టండి. కత్తిపీటను విడిపించండి."

ప్లీడరు మాట నిలబెట్టుకున్నాడు. ఆ ఏడాది వదిలిపెట్టిన ఖైదీల్లో కత్తిపీట ఒకతె. నెరిసిన జుట్టుతో, ఒకవైపు ఒరిగి నడుస్తూ వచ్చింది.

ఇద్దరూ కలిసి కాలిన దుకాణాన్ని మళ్లీ కట్టారు. ముందు ఇస్త్రీ గది, వెనక వరసగా నాలుగు చిన్న గదులు. ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ల తెల్లబట్టలు వచ్చేవి. అత్త ఎడమచేత్తో ఇస్త్రీ చెయ్యడం నేర్చుకుంది. కుడిచెయ్యి బట్టను అదిమి పట్టుకోవడానికి పనికొచ్చేది. "విరిగితే విరిగింది, బరువుకి బాగానే ఉంది" అనేది. మొగుళ్ల చేత, అత్తల చేత, అన్నల చేత దెబ్బలు తిన్న ఆడవాళ్లు అక్కడికి రావచ్చని మెల్లగా తెలిసింది. అది ఇస్త్రీ దుకాణం కావడమే పెద్ద సుఖం. చేతిలో బట్టల మూట ఉంటే ఎక్కడికని దారిలో ఎవరూ అడగరు. చాలామంది ఆ మూటతోనే వచ్చేసి, మళ్లీ వెళ్లలేదు. కత్తిపీట గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చునేది. ఎవడైనా వచ్చి, "మా ఆవిడ లోపలుందా?" అంటే, "ఏ చొక్కా బాబూ? రసీదు ఉందా?" అనేది.

అన్నిసార్లూ నవ్వులతో పోలేదు. ఒక లారీ డ్రైవరు పెళ్లాం ఉండేది. గలగలా మాట్లాడేది కాబట్టి అందరూ చిలక అనేవారు. ఒంటి నిండా సిగరెట్ వాతలు. ఒకరోజు మధ్యాహ్నం వాడు బట్టలు ఇచ్చేవాడిలా మూట పట్టుకుని వచ్చాడు. కత్తిపీట లోపల అన్నం తింటోంది. మూటలోంచి కత్తి తీసి, బల్ల దగ్గర నిలబడ్డ చిలక పొట్టలో పొడిచాడు. ఆమె దుప్పటి పట్టుకుని వంగిపోతే వీపులో ఇంకోటి దించాడు. మూడోసారి కత్తి లేచినప్పుడు అత్త తన చేతిలోని ఇస్త్రీపెట్టెను వాడి ముఖానికి ఆనించింది. కొట్టలేదు, ఆనించి అలాగే పట్టుకుంది. వాడు అరుస్తూ వెనక్కి పడ్డాడు. చెంప ఒలిచినట్టు ఊడివచ్చింది, ఒక కన్ను పోయింది.

చిలక ఆసుపత్రిలో పోయింది. వీళ్లు ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే.

ప్లీడరు వచ్చాడు. అప్పటికి పెద్ద పదవిలో ఉన్నాడు. అత్త ఎదుట కూర్చున్నాడు.

"మనం ప్రమాణం చేశాం కదమ్మా. అంత దెబ్బలు తిని కూడా నిలబెట్టుకున్నావు. ఇప్పుడు ఇలా..."

"నా ఒంటి మీద పడే దెబ్బకి ప్రమాణం చేశానండీ. ఇంకొకత్తె ఒంటి మీద పడేదానికి చెయ్యలేదు."

"తేడా ఏముంది?"

"ఉంది. మొదటి పోటు పడేటప్పుడు పెట్టె నా చేతిలోనే ఉంది. రెండో పోటప్పుడూ ఉంది. నేను ఆ ప్రమాణం గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డాను. ఆ కాసేపే చాలింది వాడికి."

ప్లీడరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వాడి ముఖం కాల్చినందుకు పెట్టిన కేసులో మాత్రం ఆమె తరఫున తానే వచ్చి వాదించాడు, పదవిలో ఉండి అలాంటి కేసులేమిటని నలుగురూ అన్నా వినలేదు. ఆత్మరక్షణ కింద కొట్టేశారు. అత్త మాత్రం చాలాకాలం నిద్రలో లేచి ఎడమచెయ్యి ముందుకు చాపేదని కత్తిపీట చెప్పింది.

కొన్నేళ్లకు ఒక అమ్మాయి వచ్చింది. చదువుకున్నది, బాగా ఉన్న ఇంటి పిల్ల. కన్ను మూసుకుపోయింది, పై పెదవి చీలింది, నాలుగో నెల గర్భం పోయింది. మొగుడు కాంట్రాక్టరని చెప్పింది. పుట్టింటి ఊసు ఎత్తలేదు, అక్కడ ఎవర్నీ అడిగే అలవాటు కూడా లేదు. పని చకచకా నేర్చుకుంది. అత్త చేతికి రోజూ నూనె రాసేది. ఎలా విరిగిందక్కా అంటే, "ఎవడో పోలీసు" అని ఊరుకునేది అత్త.

ఒక సాయంత్రం గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. భారీ మనిషి, చేతికర్ర. తెల్లటి చొక్కాకు మడత కత్తిలా నిలబడి ఉంది.

"అమ్మా, మా అమ్మాయి ఇక్కడుందని తెలిసి..." అంటూ లోపలికి వచ్చి, బల్ల మీద బట్టను అదిమిపట్టిన కుడిచేతిని చూసి ఆగిపోయాడు.

అత్త పెట్టెను దాని దిమ్మ మీద పెట్టింది.

"కూర్చోండి."

"నువ్వా?"

"నేనే. కూర్చోండి. మీ అమ్మాయిని పిలుస్తాను. వస్తానంటే తీసుకువెళ్లండి."

ఆ అమ్మాయి వెనకగదిలోంచి వచ్చింది. తండ్రిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పద ఇంటికి. అల్లుడు ఇంక చెయ్యెత్తనన్నాడు. నా చేతిలో చెయ్యేసి చెప్పాడు."

"పోయినసారీ మీ చేతిలోనే వేశాడు నాన్నా. అంతకు ముందూ."

"నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోవాలే? జైలుకు పోయినవాళ్ల మధ్య, హంతకుల మధ్య..."

"నేను రాను."

అతను ఆమె జబ్బ పట్టుకున్నాడు. అత్త అడ్డం వచ్చింది. కర్ర లేచింది. పాత అలవాటే, చూడకుండానే గురి కుదిరింది. అత్త మెడ ఎముక మీద పడింది. రెండోసారి లేచినప్పుడు ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి కింద ఎముక విరిగింది. కత్తిపీట పట్టకారు పట్టుకుని వచ్చేసింది గాని, అప్పటికే అతని చెయ్యి ఆగిపోయింది. కూతురి చెయ్యి వేలాడుతుంటే దాన్నే చూస్తున్నాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు. తండ్రి ముఖం, అత్త ముఖం మార్చి మార్చి చూసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునే తీరులోనే ఆమెకు అర్థమైపోయింది.

"అక్క చెయ్యి విరగ్గొట్టింది మీరేనా నాన్నా?"

అతను కర్ర దించాడు.

"అది ఉద్యోగం. అప్పుడది ఉద్యోగం."

"ఇప్పుడు రిటైరయ్యారు కదా నాన్నా" అంది ఆ అమ్మాయి.

అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే అల్లుడు ఇద్దరు మనుషుల్ని, పెట్రోలు డబ్బాను వెంటేసుకుని వచ్చాడు. గుమ్మంలో కత్తిపీటను తన్ని పడేసి, బట్టల మూటల మీద పెట్రోలు పోశాడు. లోపల ఉన్న ఆడవాళ్లు ఒక్కరూ పారిపోలేదు. ఎవరి పెట్టె వాళ్లు తీసుకుని వరసగా వచ్చారు. వాడు నవ్వి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసేలోపే అత్త వాడి మణికట్టు మీద పెట్టె ఆనించింది. మిగతా ఇద్దర్నీ ఆడవాళ్లు బట్టలు బాదినట్టు బాదారు. ఒకడికి కాలు విరిగింది, ఒకడికి తల పగిలింది. విరిగిన చెయ్యి కట్టులో పెట్టుకుని ఆ అమ్మాయే రెండో చేత్తో తాడు లాగి మొగుణ్ణి స్తంభానికి కట్టింది. చిలక విషయంలో చేసిన ఆలస్యం అత్త ఈసారి చెయ్యలేదు.

కోర్టులో అల్లుడి వకీలు మామగారిని సాక్షిగా పిలిచాడు. కూతురికి చిన్నప్పటి నుంచీ మతిస్థిమితం లేదని చెప్పించాలని. అతను బోనెక్కి, కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. జడ్జిగారు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"నా కూతురికి మతి బాగానే ఉందండీ. వాడు కొట్టాడు. నేను చూశాను. ప్రతిసారీ వెనక్కి పంపింది నేనే" అన్నాడు.

హాలంతా కలకలం రేగింది. ఇంకేమైనా చెప్పాలా అని జడ్జిగారు అడిగారు. అతను అత్త కూర్చున్న వైపు చూశాడు. పెదవులు కదిలాయి. లేదండీ అని దిగిపోయాడు.

"ఆ నోరు సగమే తెరుచుకుంది" అంది కత్తిపీట బయటికొచ్చాక.

అల్లుడికి శిక్ష పడింది. కొన్నాళ్లకు ముసలాయన మంచాన పడ్డాడు. కూతురు వెళ్లి చూసుకునేది. ఒకరోజు తిరిగివచ్చి, నాన్న మిమ్మల్ని ఒక్కసారి రమ్మంటున్నారక్కా అంది. అత్త పెట్టెలో బొగ్గులు ఊదుతూ వింది. అప్పటికి నేను సెలవుల్లో అక్కడే ఉన్నాను.

"నువ్వు వెళ్లు తల్లీ. నీ తండ్రి, నువ్వు చూడాలి. నేను రాను."

ఆ అమ్మాయి వెళ్లాక నేనడిగాను. "క్షమించలేవా అత్తా? కోర్టులో నిజం చెప్పాడు కదా."

ఆమె నా వైపు తిరిగింది.

"నా చెయ్యి ఒక్కటే అయితే ఎప్పుడో క్షమించేదాన్నే. మా అన్నయ్య తరఫున క్షమించమని నాతో ఎవరు చెప్పారు? వాడు చెప్పాడా? వాడికి చెప్పే తీరిక ఇచ్చారా?"

తర్వాత చాలాసేపు దుప్పట్లు మడతపెట్టింది. ముసలాయన ఆ నెలలోనే పోయాడు. అత్త వెళ్లలేదు. కూతురు తిరిగివచ్చిన రోజు మాత్రం ఆమె కోసం వేడినీళ్లు పెట్టి, తల తానే అంటింది.

అత్త పోయింది దెబ్బల వల్ల కాదు, మామూలు జ్వరం వల్ల. అంత దెబ్బలు తిన్న మనిషి ఇంత చిన్నదానికి పోవడమేమిటని కత్తిపీట ఆమెను తిడుతూనే ఏడ్చింది. ప్రభుత్వం తరఫున పోలీసులు వచ్చి గౌరవ వందనం చేస్తామన్నారు. ఆ జమేదారు కూతురే వాళ్లను గుమ్మంలో ఆపి, అక్కర్లేదని మర్యాదగా చెప్పి పంపేసింది.

ఇప్పుడు ఆ ఇల్లు ఆమే నడుపుతోంది. కరెంటు పెట్టెలు వచ్చాయి, వెనక గదులు పెరిగాయి. కత్తిపీట పోయాక గుమ్మం దగ్గరి స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటున్నారు. నేను పోయిన నెల వెళ్లేసరికి ముందుతలుపు కొత్తది బిగిస్తున్నారు. అంతకు ముందురోజు ఎవడో గొడ్డలితో నరికాడట. లోపల, నిన్నగాక మొన్న వచ్చిన ఒక పిల్ల ముఖమంతా వాపుతో, ఆసుపత్రి దుప్పటికి నీళ్లు చిలకరిస్తోంది. పక్కనున్నావిడ అంత నీళ్లు వద్దని చెబుతోంది.